పేరులేని కుండీ

మా డాబా మీద నలభై రెండు కుండీలున్నాయి. అన్నీ ముళ్ళమొక్కలే. చూడవచ్చినవాళ్ళు మొదట కాసేపు "అబ్బ, ఎంత బావున్నాయండీ" అంటారు. తరవాత ఏదో ఒకదాని మీద వేలు పెట్టబోయి, చటుక్కున వెనక్కి లాక్కుని, "దీని పేరేమిటండీ?" అంటారు. నా కష్టాలు అక్కడే మొదలవుతాయి.

గులాబీలు పెంచేవాడికి ఈ బాధ లేదు. గులాబీ అంటే గులాబీ. మహా అయితే రంగు చెబితే సరిపోతుంది. కాక్టస్ పెంచేవాణ్ణి మాత్రం పేరు అడక్కుండా వదిలిపెట్టిన మనిషి ఇంతవరకూ లేడు. మొక్క ఎంత వింతగా ఉంటే పేరు అంత అవసరమవుతుంది కాబోలు. కొత్తవాడు వీధిలో కనపడితే "ఎవరి తాలూకు?" అని అడిగేదాకా మనకి తోచదు చూశారూ, అలాగన్నమాట.

నిజానికి పేర్లు చెప్పడం నా వృత్తి. ఇరవై ఎనిమిదేళ్ళు బోధన్ చుట్టుపక్కల చెరుకు ఫీల్డుమన్‌గా తిరిగాను. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి నిజాంసాగర్ కాలవ కింద పొలం కొనుక్కుని వచ్చిన బాపతు. 1931 నాటికి మంజీర మీద ఆ ఆనకట్ట పూర్తయింది, 1937లో షక్కర్‌నగర్ ఫాక్టరీ పుట్టింది, నీళ్ళ వెంట చెరుకూ చెరుకు వెంట మేమూ వచ్చాం. వర్ని, కోటగిరి దారిలో ఇవాళ్టికీ 'ఫలానా క్యాంపు' అని వినపడే ఊళ్ళు మావంటివాళ్ళవే. గుడారాలు పోయి మూడు తరాలైనా పేరులో క్యాంపు పోలేదు.

అందుచేత చెరుకు సంగతి నన్నడగండి. గట్టు మీద సైకిల్ దిగకుండా చెప్పేవాణ్ణి, ఇది కో నాలుగు వందల పంతొమ్మిది, అది కో సి ఆరువందల డెబ్భై ఒకటి అని. కో అంటే కోయంబత్తూరు. 1912లో అక్కడ పెట్టిన చెరుకు పరిశోధనాలయంలో పుట్టిన గడలకి ఇంటిపేరు అది, వెనక అంకె ఒంటిపేరు. కన్ను ఎలా ఉబ్బింది, కణుపు ఎలా ఉంది, ఆకు తొడిమ మీద నూగు ఉందా లేదా, ఈ మూడూ చూస్తే చాలు. రైతు "సార్ చూపు కత్తి" అనేవాడు. ఆ మాట మనిషిని పాడుచేస్తుంది. కానీ అందులో నా గొప్ప కంటే చెరుకు గొప్పే ఎక్కువ. చెరుకుని ముచ్చెలు నాటి పెంచుతారు, గింజ వేసి కాదు. కాబట్టి ఒక రకంలో గడలన్నీ ఒకే గడ తాలూకు ముక్కలు. రుద్రూరు పరిశోధనా క్షేత్రంలో ఉన్న గడా, మా పక్క పొలంలో ఉన్న గడా అచ్చు గుద్దినట్టుంటాయి. పేరు తప్పడానికి చోటెక్కడిది?

ఈ ధైర్యంతోనే కాక్టస్ జోలికి వెళ్ళాను.

కుండీలు నేను కొన్నవి కావు, సగానికి పైగా ఒక స్నేహితుడివి. ఫాక్టరీ లాబరేటరీలో పనిచేసి, షక్కర్‌నగర్ క్వార్టర్సులో ముప్ఫై ఏళ్ళు కాపురమున్నాడు. 2015 డిసెంబరులో ఫాక్టరీ మూతపడ్డాక పూనాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, "ఇవి రైల్లో రావోయ్, నువ్వు ఉంచుకో" అని నిజామాబాదులో మా ఇంటి ముందు ఆటోలోంచి దింపించాడు. ప్రతి కుండీలోనూ ఒక పుల్ల, పుల్ల మీద పెన్సిలుతో పేరు. లాబరేటరీ మనిషి కదా, అక్షరాలు కూడా తూచినట్టుండేవి. పదిహేడో కుండీలో పుల్ల మీద మాత్రం 'తెలియదు' అని రాసి ఉంది.

నేను చేసిన తప్పు మొదటే చెప్పేస్తాను. ఆ పుల్ల పీకేశాను.

ఎందుకని అడిగితే జవాబు సిగ్గుపడేదే. చూడవచ్చినవాళ్ళు ఒకటి తరవాత ఒకటి చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగి నవ్వేవారు. 'సార్ చూపు కత్తి' అనిపించుకున్నవాడి డాబా మీద 'తెలియదు' ఏమిటి? కాక్టస్ పుస్తకమొకటి సంపాదించి, బొమ్మలు తిప్పి, నిటారుగా పచ్చగా గట్లు గట్లుగా పెరిగిన మొక్కని పోల్చి, కొత్త పుల్ల మీద 'సీరియస్ పెరువియానస్' అని రాసి గుచ్చాను. మా ఆవిడ చదివి, "సీరియస్ అంటే ఆసుపత్రిలో అంటారే, అదేనా?" అంది. నవ్వేశాను.

ఇక్కడ కాస్త ఆగి, ఈ మొక్కలకి పేరు పెట్టడం ఎందుకంత కష్టమో చెప్పాలి. నా తప్పుని తగ్గించుకోవడానికి కాదు, విషయమే రంజుగా ఉంటుంది.

అసలు కాక్టస్ అన్న మాటే పొరపాటున వచ్చింది. పాత గ్రీకులు సిసిలీ దీవిలో ఏదో ముళ్ళమొక్కని కాక్టోస్ అనేవారు. వాళ్ళు మన కాక్టస్‌ని కలలో కూడా చూసి ఉండరు, ఎందుకంటే దాదాపు ఈ జాతి మొత్తం అమెరికా ఖండాలది. 1753లో లినేయస్ పండితుడు తనకి తెలిసిన 22 రకాలనీ ఆ ఒక్క పేరు కిందే పోగేశాడు. తరవాత వచ్చినవాళ్ళు ఆ పోగుని విడదీయడం మొదలెట్టారు. 1919 నుంచి 1923 దాకా బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు అమెరికన్లు నాలుగు పెద్ద సంపుటాలు రాసి పంచారు. ఆ వెనకటివాళ్ళు వాటిని మళ్ళీ కలిపారు, ఇంకొందరు మళ్ళీ విడదీశారు. ఇవాళ రకాలు పదిహేను వందలకి పైమాటే. అన్నదమ్ముల పంపకాలు కూడా ఇంతకంటే త్వరగా తేలతాయి. ఇప్పుడు మన రైతులు కూడా వేస్తున్న డ్రాగన్‌ఫ్రూట్‌ని నిన్నమొన్నటిదాకా హైలోసీరియస్ అనేవారు, ఇప్పుడు సెలెనిసీరియస్ అనమంటున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2021లో ఆ పండుని 'కమలం' అంది. పండు మాత్రం ఏమీ అనలేదు.

ఇక మన కుండీలో మొక్క చూద్దాం. పువ్వు పూస్తే కాస్త దారి తెలుస్తుంది. పువ్వు గొట్టం మీద వెంట్రుకలున్నాయా, నున్నటి పొలుసులున్నాయా, నడినెత్తిన పూసిందా, బుడిపెల సందుల్లోంచి గుండ్రంగా దండలాగా పూసిందా, ఇవన్నీ సాక్ష్యాలు. పువ్వు లేనప్పుడు గట్లు లెక్కపెట్టాలి, ముల్లు మొలిచే దిండులో అంచు ముళ్ళెన్ని, నడిమి ముళ్ళెన్ని, నడిమిది గాలంలా వంగిందా అని చూడాలి. తీరా లెక్క తేలాక, ఎండ తక్కువై సాగిపోయిన మొక్క అసలు ఆకారంలోనే ఉండదు. చిన్నప్పటి ముళ్ళు వేరు, పెద్దయ్యాక ముళ్ళు వేరు. కలింపాంగు నర్సరీల నుంచో, మన కడియం బళ్ళ మీదనో వచ్చిన మొక్కల్లో రెండు రకాలు కలిపి పుట్టించినవి కూడా ఉంటాయి. వాటికి అమ్మ పేరు చెప్పాలా, నాన్న పేరు చెప్పాలా?

అందుకే ఈ పనిలో పండినవాళ్ళు పేరు కంటే నంబరుకి విలువిస్తారు. ఫ్రెడరిక్ రిట్టర్ అనే ఆయన దక్షిణ అమెరికా కొండల్లో తిరిగి గింజ పోగుచేసినప్పుడల్లా ఒక అంకె వేసేవాడు, ముందు ఎఫ్.ఆర్. అని. పేరు పదిసార్లు మారినా, ఆ అంకె వెనక ఫలానా కొండ అనే నిజం ఉంటుంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇది మా కో నాలుగు వందల పంతొమ్మిది పద్ధతే! కానీ పదిహేడో కుండీకి అంకె లేదు, కొండ లేదు. ఎవరిదో బంగళా ప్రహరీ పక్కన పెరుగుతుంటే ముక్క తెచ్చి నాటానని మా వాడు చెప్పిన గుర్తు.

మా ఇంట్లో పనిచేసే మనిషి బోధన్ పక్క పల్లెది. ఒకరోజు డాబా ఊడుస్తూ ఆ కుండీ దగ్గర ఆగింది.

"గిది జెముడు గదా సారూ! గీరితే పాలు కారుతయ్. కంట్లవడ్డదంటే కన్ను వోతది. పిల్లగాండ్లు తిరిగేకాడ వెట్టిన్రు."

"జెముడు కాదమ్మా, ఇది కాక్టస్. అమెరికా మొక్క. పాలుండవు" అన్నాను, పుల్ల చూపిస్తూ. ఆమెకి చదువు రాదు. పుల్లని చూసింది, నన్ను చూసింది, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

పక్కింటివారి మనవడు పన్నెండేళ్ళవాడు. నా కుండీలంటే వాడికి పిచ్చి. బడిలో తోట వేస్తున్నారని, "తాతగారూ, ఒక ముక్క ఇవ్వరా?" అన్నాడు. "పదిహేడులో కోసుకో, అది గట్టి పిండం. కాక్టస్‌కి పాలుండవు, ఏం కాదు" అన్నాను. పేపరు చదువుకుంటూ అన్నాను. అది కూడా చెప్పాలి.

వాడి కేక విని తల ఎత్తేసరికి చేతులూ కత్తీ తెల్లగా ఉన్నాయి. చెమట తుడుచుకోబోయి కంట్లో పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పంపు కింద కన్ను కడిగి కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన చూసి, "ఏం మొక్క?" అన్నాడు. నేను సీరియస్ అనబోయి ఆగిపోయాను. నాలుగు రోజులు వాడు చీకటిగదిలో కట్టుతో పడుకున్నాడు. కన్ను దక్కింది. దక్కకపోతే ఈ వ్యాసం రాసే మొహం ఉండేది కాదు.

అది యూఫోర్బియా. అచ్చంగా మన బొమ్మజెముడు బంధువు. వాటి పాలు కంట్లో పడితే చూపుకే మోసం. ముళ్ళు జంటలు జంటలుగా ఉన్నాయి, వాటి మొదట్లో కాక్టస్‌కి ఉండవలసిన నూగు దిండు లేదు. చెరుకు ఆకు తొడిమ మీద నూగుని సైకిల్ మీంచి చూసిన కన్ను దీన్ని చూడలేదు. చూడలేదా, చూడదలచలేదా?

ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు. తప్పు ఎక్కడుందా అని ఆలోచించాను. పేరు తెలియకపోవడం తప్పు కాదు, నా స్నేహితుడికీ తెలియదు. కానీ ఆయన పుల్ల చదివినవాడు జాగ్రత్తగా ఉండేవాడు. 'తెలియదు' అన్న మాటలో ఒక హెచ్చరిక ఉంది, చెయ్యి వేసే ముందు చూసుకో అని. నేనది పీకేసి ఒక పేరు గుచ్చాను. పేరు చదివినవాడు ఇక చూడడు, తెలుసుకదా అనుకుంటాడు.

పోనీ, పనిమనిషి పేరు సరైందా? నేను వాదించుకున్నాను. మన తెలుగువాళ్ళు నాగజెముడునీ, బొమ్మజెముడునీ, కాడజెముడునీ ఒకే గాటన కట్టేశారు. నాగజెముడు అసలైన కాక్టస్, దానికి పాలుండవు. మిగతా రెండూ యూఫోర్బియాలు. శాస్త్రం ప్రకారం ఆవిడ మాటా తప్పేనన్నమాట. కానీ ఆవిడ తప్పు పిల్లవాణ్ణి దూరంగా ఉంచే తప్పు, నాది దగ్గరికి పిలిచే తప్పు. రెండు తప్పుల్నీ ఒకే తక్కెట్లో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

నాగజెముడు అంటే గుర్తొచ్చింది. మన దేశంలో పెద్ద పెద్దవాళ్ళు కూడా ఈ గోతిలో పడ్డారు. ఈ జాతి మొక్కల మీద బతికే ఒక పురుగుని ఎండబెట్టి నూరితే చక్కటి ఎర్రరంగు వస్తుంది. ఆ వ్యాపారమంతా స్పెయిన్‌వాళ్ళ గుప్పిట్లో ఉండేది. ఈస్టిండియా కంపెనీకి కన్నుకుట్టింది. మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఆ పురుగు కోసం మొక్కల తోటే వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి కలకత్తాకి పురుగులు వచ్చాయి. తీరా అది అసలు రంగు పురుగు కాదు, దాని దాయాది. రంగు నాసిరకం. కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడుని ఊళ్ళకి ఊళ్ళు తినేసింది. అప్పుడు దొరలకి తట్టి, 1830ల్లో దక్షిణాదిన కంచెల బెడద పోగొట్టడానికి దాన్నే కావాలని వదిలారు. తమాషా ఏమిటంటే, అది తన రకాన్ని తప్ప పక్కనే ఉన్న ఇంకో రకం నాగజెముడుని ముట్టుకోలేదు. దానికోసం 1926లో సిలోను నుంచి వేరే పురుగుని తేవలసి వచ్చింది. కంచెలన్నీ తెల్లటి బూజు పట్టినట్టయి కూలిపోయాయని మా తాతగారు చెబుతుంటే చిన్నప్పుడు విన్నాను. పండితులకి పేరు తప్పింది గాని పురుగుకి తప్పలేదు. దానికి పేరు మీద పరువు లేదు, ఆకలి తప్ప.

పక్కింటావిడ, ఆ పిల్లవాడి నాయనమ్మ, నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మాత్రం కావాలని చేశారా అన్నయ్యగారూ" అంది. తిట్టినా బావుండేది.

ఆవిడ పెరట్లో బ్రహ్మకమలం ఉంది. ఏడాదికి రెండుసార్లు రాత్రిపూట పూస్తుంది. పూసే రోజు వీధిలో ఆడవాళ్ళందరూ చేరతారు, పదకొండు గంటలకి హారతి ఇస్తారు, అందరికీ శనగలు పంచుతారు. తెల్లారేసరికి పువ్వు వేలాడిపోతుంది. ఆ మొక్క ఎపిఫైల్లం, మెక్సికో అడవుల్లో చెట్ల మీద పెరిగే కాక్టస్. మనం ఆకు అనుకునేది కాండం. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పది పన్నెండు వేల అడుగుల పైన పూస్తుంది, ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబం. ఈ సంగతి నాకు పదేళ్ళుగా తెలుసు. పదేళ్ళుగా హారతి కళ్ళకద్దుకుని శనగలు తిని వస్తున్నాను. ఆ పేరు వల్ల ఎవరి కన్నూ పోదు, అడగని మాట చెప్పడమెందుకు అని నా లెక్క.

ఆ ఏడు పూసిన రాత్రి ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. "టీవీలో ఎవరో చెప్పారు, ఇది బ్రహ్మకమలం కాదట. మీకు తెలుస్తుంది కదా, నిజం చెప్పండి" అంది.

మీరైతే ఏం చెప్పేవారు? వెనక పళ్ళెంలో హారతి వెలుగుతోంది. పిల్లవాడు అక్కడే నిలబడి వింటున్నాడు. అడగనంతవరకూ ఊరుకోవడం మర్యాద. అడిగాక ఊరుకుంటే అది పుల్ల మార్చడమే. చెప్పేశాను, మెక్సికోతో సహా.

ఆవిడ కాసేపు పువ్వుకేసి చూసింది. "ఈ ఊరిని మా అత్తగారు పోయేదాకా ఇందూరనే అంది. రైలు టిక్కెట్టు మీద నిజామాబాదు. ఆవిడ ఏ ఊళ్ళో పోయినట్టు?" అంది. తరవాత హారతి ఇచ్చింది.

ఇంటికొచ్చి పడుకున్నాక తోచింది, ఆవిడ పోలిక తలకిందులని. అక్కడ ఒక ఊరికి రెండు పేర్లు, ఇక్కడ రెండు పువ్వులకి ఒక పేరు. మర్నాడు వెళ్ళి చెబుదామా అనుకున్నాను. మా ఆవిడ వద్దంది. మా ఆవిడ మాట విన్నందుకు చింతించిన సందర్భాలు తక్కువ.

పూనాకి ఫోను చేసి స్నేహితుడితో అంతా ఒప్పుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "రాశాను కదోయ్ పుల్ల మీద" అన్నాడు చివరికి. "మూడేళ్ళు చూశాను, తేలలేదు. తేలలేదని రాయడానికి నాకూ సిగ్గేసింది, అయినా రాశాను."

ఇప్పుడు పదిహేడో కుండీ గేటు అవతల, ప్రహరీ మూలన, ఎర్ర రంగు పూసిన పుల్లతో ఉంది. పుల్ల మీద 'జెముడు, పాలు' అని రాశాను. లాటిన్ పేరు ఇంకా తేల్చలేదు, ఆ కుటుంబంలో కూడా దాయాదులు తక్కువ కాదు. పనిమనిషికి పుల్ల చదివి వినిపిస్తే, "నేను జెప్పలే?" అంది.

పిల్లవాడు మళ్ళీ వస్తున్నాడు. రాడేమో అనుకున్నాను. వాడి ఫోనులో మొక్కని బొమ్మ తీస్తే పేరు చెప్పే యంత్రం ఉంది. ఇరవై తొమ్మిదో కుండీకి అది పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు చెప్పింది. తెలియదని ఒక్కసారీ అనలేదు. నాకు దాని మీద బంధుప్రీతి కలిగింది.

"మీరు చెప్పండి తాతగారూ, ఇదేమిటి?"

"తెలియదురా."

నోట్లోంచి ఆ మాట రావడానికి ఎంత బరువనిపించిందో చెప్పలేను. వాడు మాత్రం ఏమీ పట్టించుకోలేదు. జేబులోంచి పెన్సిలు తీసి, పుల్ల మీద 'తెలియదు' అని రాసి, కింద తారీఖు వేశాడు. తరవాత కుండీ చుట్టూ గొంతుకు కూర్చుని గట్లు లెక్కపెట్టాడు. పన్నెండు అన్నాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని లెక్కపెడితే పదకొండు వచ్చాయి. ఒకటి మొదట్లో రెండుగా చీలుతోంది, దాన్ని ఒకటనాలా రెండనాలా అని ఇద్దరం వాదించుకుంటున్నాం. నెత్తిన ఒక పక్క మొగ్గలాంటిది కనపడుతోంది. పిలక కూడా కావచ్చు.